జనుము గుంటలో కడియాలు

ఆ పొద్దు అంతయ్య అనుకున్నది చాలా చిన్న పని. తెల్లవారగానే చెరువు కట్ట కింద నార కోసం జనుము నానేసిన గుంటలో దిగాలి. బురదలో తాను దాచిన ముల్లె తీసి, అందులోని వెండి కడియాలు భార్య ఐలవ్వ చేతిలో పెట్టాలి. ఆమె అవి కాళ్లకు తొడుక్కుని, చెన్నూరులో తన తమ్ముడి పెళ్లికి బస్సెక్కాలి.

ఊళ్లో దొంగల భయం మొదలైనప్పుడు అతనికి ఆ గుంట కంటే మంచి చోటు తోచలేదు. కుళ్లిన గుడ్ల కంపుకు బర్రె కూడా అటు పోదు, దొంగ ఎందుకు పోతాడు? ఐలవ్వకు మాత్రం సొమ్ములు సందూకలో ఉన్నాయని చెప్పాడు.

ముల్లె విప్పేసరికి కడియాలు బొగ్గులా ఉన్నాయి. అంతయ్య వాటిని పంచెకు రుద్ది చూశాడు, నలుపు పోలేదు. వెండివి అమ్ముకుని కల్లు తాగి, ఇనుపవి తెచ్చాడని బామ్మర్దులు అనుకోరూ? తప్పు తనది కాదని అప్పటికప్పుడే తేల్చుకుని, వాటిని చేసిన అవుసుల రాయమల్లు ఇంటి మీదికి పోయాడు.

"ఓ రాయమల్లూ! వెండి అని జెప్పి ఇనుము అంటగట్టినవా?"

రాయమల్లు కుంపటి ముందు నుంచి లేచాడు. "మా తాతల కాన్నుంచి గీ పనే జేస్తున్నం. ఏడ వెట్టినవ్ వీటిని?"

"ఇంట్ల, సందూకల!"

సందూకలోనే ఇంత నల్లబడితే అది మోసమేనని పక్కింటి సారక్క తీర్మానించింది. ఆమె కడియాలూ రాయమల్లు చేసినవే. వాడకట్టు ఆడవాళ్లంతా పోగయ్యారు. ఈ మాట సంతకెక్కితే ఇక తన కుంపటి రాజదని రాయమల్లుకు తెలుసు. "అందరి సొమ్ములు తెండ్రి! ఒక్కటి నల్లగున్నా ఊరిడిసి పోత!" అన్నాడు.

ఆడవాళ్లు మగవాళ్ల వైపు చూశారు. మగవాళ్లు నేల చూశారు. ముందు ఇస్తారి దగ్గుకుంటూ చెరువు వైపు కదిలాడు. వెనక లచ్చయ్య. కాసేపటికి ఊరి పెద్దమనుషులంతా ఆ జనుము గుంటలోనే మోకాళ్ల లోతు బురదలో వంగి తడుముకుంటున్నారు. అబ్బో, ఏం తెలివి! ఊరంతటికీ ఒకటే తెలివి!

పైకొచ్చిన ప్రతి ముల్లెలోనూ వెండి నల్లగానే ఉంది. రాయమల్లు ఊరు విడవడానికి పనిముట్లు మూట కట్టబోయాడు. అప్పుడే సైకిల్ దిగిన, రైతులకు సలహాలు చెప్పే గ్రామసేవక్ కొండల్ సంగతి విని పకపకా నవ్వాడు.

"గాలి సొరని బురదల కండ్లకు కనవడని పురుగులుంటయి. నీళ్లల్ల ఉన్న గంధకపు ఉప్పుతోని బతుక్కుంట గీ కంపు గాలి ఇడుస్తయ్. గా గాలి తాకితే వెండి నల్లగయితది. పోయినేడు మన బాయి పైపును తిన్నయి గూడ అసోంటియే!"

రాయమల్లు ఒక కడియాన్ని చింతపండు, బూడిదతో గట్టిగా తోమాడు. ఒక మూల తెల్లగా మెరిసింది. దాన్ని అందరికీ ఎత్తి చూపించాడు.

"తప్పయింది రాయమల్లూ, నావి గూడ సందూకల గాదు, గుంటలనే వెట్టిన. జర నావి ముందు తోము. బస్సు పోతది."

"అందరియి తోముత. ముందు తిట్టినోనియి ఆఖర్న."

అంతా విన్న ఐలవ్వ గుంపులోంచి ముందుకొచ్చింది. నల్ల కడియాలే కాళ్లకు తొడుక్కుని, మూట నెత్తిన పెట్టుకుంది.

"గట్లనే పోతవా?" అన్నాడు అంతయ్య బిత్తరపోయి.

"పోత. అడిగినోళ్లందరికి నీ తెలివి జెప్పద్దా?"

అన్నంత పనీ చేసింది. పెళ్లి పందిట్లో ఆమె కథ ముగించేలోపే చెన్నూరు మగవాళ్లు కొందరు విస్తళ్ల ముందు నుంచి లేచి, గబగబా తమ జనుము గుంటల వైపు వెళ్లారు.