సాగనంపడంలో మా బారుకు సాటి లేదు

మందు పోసిన బారు వాళ్ళకు కూడా చట్టపరంగా బాధ్యత ఉండాలని ఈ మధ్య కొందరు గొంతు చించుకుంటున్నారు. నేను పూర్తిగా వ్యతిరేకం. నిజామాబాద్ నుంచి బోధన్ పోయే రోడ్డు మీద, మా ఇంటి ఎదురుగా ఉన్న బారు కంటే బాధ్యత గల సంస్థను ఎవరైనా నాకు చూపించండి, చూద్దాం!

పదకొండు నెలలుగా బాల్కనీలో టీ తాగుతూ ఆ బారును పరిశీలిస్తున్నాను. రిటైరైన లెక్చరర్‌కు అంతకంటే పనేముంటుంది?

లోపలికి పోయేటప్పుడు ఎవరి బండి వాళ్ళే పెట్టుకుంటారు. బయటికొచ్చేటప్పుడు మాత్రం వాచ్‌మన్ ముత్తన్న అందుకుంటాడు. బండిని రోడ్డు వైపు తిప్పుతాడు. తాళంచెవి ఎక్కడ పెట్టాలో తెలియని వాళ్ళకు తానే పెట్టి కిక్కు కొడతాడు. కాలు లేవని వాళ్ళకు కాలెత్తి అవతల వేస్తాడు. రెండు చేతులూ హ్యాండిల్ మీద పెట్టించి, వేళ్ళు ఒక్కొక్కటే మూసి, "పైలం అన్న, సీదా పో" అంటాడు. పెళ్ళికూతుర్ని అత్తారింటికి పంపేటప్పుడు కూడా ఇంత జాగ్రత్త నేను చూడలేదు.

ఇంకెక్కడైనా ఉందా ఈ సర్వీసు? మొన్న మా ఆవిడ బస్సెక్కుతుంటే, ఒక కాలు ఇంకా నేల మీద ఉండగానే కండక్టర్ రైట్ రైట్ అన్నాడు.

కొన్ని బయటి దేశాల్లో పద్ధతి వేరట. తూలుతున్నవాడికి ఇంకో పెగ్గు పోస్తే, వాడు పోయి ఎవర్నైనా గుద్దితే, పోసినవాడిని కూడా కోర్టుకు ఈడుస్తారట. ఎంత అన్యాయం! అదే మన దగ్గరికి వస్తే వెయిటర్ ఏం చేయాలి? పెగ్గు పెగ్గుకూ కస్టమర్‌ను లేపి ఫ్లోరింగ్ గీత మీద నడిపించాలా? "ఇగ చాలు అన్న" అనాలా? ఆ మాట అనడానికి ఇంట్లో భార్య ఉంది కదా. అది వినలేకే పాపం ఇక్కడికొచ్చాడు.

మన దగ్గర వ్యవహారం చక్కగా నడుస్తోంది. పాడైన మిర్చి బజ్జీ తిని ఎవరికైనా కడుపు నొప్పి వస్తే బండివాడిని పట్టుకుంటాం. బారుకు నూరు గజాల దూరంలో మాత్రం పోలీసులు నోట్లో గొట్టం పెట్టి, ఊదించి, తాగినవాడిని పట్టుకుంటారు. పోసినవాడిని ఊదమని ఎవరూ అనరు. వాడు తాగలేదు కదా. తూలేవాడికి పోయకూడదని లైసెన్సు నిబంధనల్లో ఎక్కడో రాసుందంటారు. ఉంటే ఉండనీయండి. బారులో లైట్లు తక్కువ, చదవడం కష్టం.

పోయిన నెల ఒక మధ్యాహ్నం ఎడపల్లి రవీందర్, పసుపు అమ్ముడుపోయిన సంతోషంలో, ఇద్దరు వెయిటర్ల భుజాల మీద బయటికొచ్చాడు. ముత్తన్న బండి ఎక్కించాడు. రవీందర్ అటువైపు జారిపోయాడు. మళ్ళీ ఎక్కిస్తే ఇటువైపు జారాడు. మూడోసారి నిలిచాడు. బాల్కనీలోంచి నేను చప్పట్లు కూడా కొట్టాను.

మలుపు దగ్గర మోషే సైకిల్ మీద ఎదురొచ్చాడు. మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు మోసే హమాలీ అతను. రవీందర్‌కు మోకాళ్ళు గీరుకుపోయాయి. మోషేకు తుంటి దగ్గరా, తొడ దగ్గరా ఎముకలు విరిగాయి. ఏడాదికి లేచి నిలబడితే గొప్పేనట. బస్తాల సంగతి మరిచిపొమ్మన్నారట డాక్టర్లు.

తప్పు ఎవరిదని అందరూ వెతికారు. రవీందర్ మీద కేసు పెట్టారు. మలుపును తప్పుపట్టారు. సైకిల్‌కు బెల్లు లేకపోవడాన్ని కూడా తప్పుపట్టారు. బారు ఓనరు గేటుకున్న బోర్డు చూపించాడు. 'గేటు దాటిన తర్వాత యాజమాన్యానికి సంబంధం లేదు.' ప్రమాదం గేటు దాటాకే జరిగింది మరి. పోలీసులు నన్నూ అడిగారు. టీ తాగుతున్నానని చెప్పాను. అబద్ధం కాదు.

ఇవాళ ఆదివారం. మోషే భార్య రూతమ్మ చర్చి నుంచి నేరుగా బారు గేటు దగ్గరికి వచ్చింది. గొడవ చూడొచ్చని నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను. కౌంటర్ దగ్గర్నుంచే ఓనరు బోర్డు వైపు వేలు చూపించాడు. ఆమె అటు చూడలేదు. అరవలేదు. ముత్తన్నను అడిగింది.

"అన్నా, నిలబడరానోన్ని లేపి కూసోబెట్టుడు నీకు మంచిగొస్తదంట గద. మా ఇంట్ల గూడ ఒకాయన ఉన్నడు, నిలబడొస్తలేదు. మంచం మీదికెల్లి లేపి కుర్చీల కూసోబెట్టాలె. నా ఒక్కదానితోని అయితలేదు. జర వస్తవా?"

ముత్తన్న నోట్లోని విజిల్ తీసి జేబులో వేసుకున్నాడు. తల వంచుకుని ఆమె వెంట పోయాడు.

ఆ తర్వాత అరగంటలో నలుగురు బయటికొచ్చారు. బండి తిప్పేవాడు లేడు, కాలెత్తేవాడు లేడు. నలుగురూ మెట్ల మీద కూర్చుండిపోయారు. ఒక్కడూ రోడ్డెక్కలేదు. ఆ అరగంటా మా మలుపులో పిల్లలు సైకిళ్ళు తొక్కారు.

చివరికి ఓనరే వచ్చాడు. బాధ్యత తెలిసిన మనిషని మొదట్నుంచీ చెబుతున్నాను కదా. చొక్కా చేతులు మడిచి, మొదటి బండిని రోడ్డు వైపు తిప్పి, దాని మనిషిని చంకల కింద పట్టుకుని లేపాడు.

అప్పుడు చూశాను. పదకొండు నెలలుగా చూస్తున్నదే, అప్పుడు కళ్ళకు కనపడింది. తిప్పడం, ఎక్కించడం, వేళ్ళు మూయడం, అంతా గేటు లోపలే జరుగుతోంది. బోర్డుకు లోపలి వైపు. నాకు సిగ్గేసింది.

కిందికి దిగి, ముందు ఆ బండి తాళంచెవి తీసి నా జేబులో వేసుకున్నాను. ఇప్పుడు పోలీస్ స్టేషన్‌కు బయలుదేరుతున్నాను. ఆ రోజు టీ తాగుతూ ఏం చూశానో కూడా చెప్పాలి.