మంత్రిగారి మూర

మంత్రి వెంకటసుబ్బారావు గారు విజయవాడ సభలో చారిత్రక ప్రకటన చేశారు. "పిక్సెల్ తెల్లవాళ్ల కొలత. ఇకమీదట మన జిల్లా వెబ్‌సైట్‌లో ఫొటోలైనా, అక్షరాలైనా బెత్తెడు, జాన, మూర లెక్కనే ఉంటాయి!"

చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. చప్పట్లకు పెట్టుబడి అక్కర్లేదు. పైగా ఆ వెబ్‌సైట్ తయారుచేసేది మా చెల్లెలి కూతురు మహెక్. టెంపరరీ ఉద్యోగం. పర్మనెంట్ చేసే సంతకం మంత్రిగారిది.

బట్టల కొట్టువాణ్ణి కనక నన్ను కొలతల కమిటీలో వేశారు. మూర అంటే ఎవరి మూర అన్న ప్రశ్న వచ్చింది. మంత్రిగారు ఎంతో త్యాగబుద్ధితో తన చెయ్యి చాపారు. టేపు పెట్టాను.

"పదిహేడున్నర అంగుళాలండీ."

"మంత్రిగారికి పదిహేడున్నరేంటండీ లాల్ అహ్మద్ గారూ, బాగుండదు. ఇరవై రాయండి," అన్నాడు పీఏ సాయిగణేష్.

రాశాను. తగ్గించి కొలవడం కొట్లో నేర్చుకున్నాను, పెంచి కొలవడం ప్రభుత్వంలో నేర్చుకున్నాను.

మంత్రిగారి ఫొటో అర మూర, సొంత పార్టీలోనే ఆయనకు గిట్టని జిల్లా అధ్యక్షురాలు రాజ్యలక్ష్మి గారిది బెత్తెడు అని ఉత్తర్వు వచ్చింది. ప్రారంభోత్సవానికి ముందురోజు మహెక్ కొట్టుకు పరుగెత్తుకొచ్చింది.

"కొంప మునిగింది మామూ! బ్రౌజర్‌కి మూర తెలీదు."

"తెలీకపోతే అడగదా?"

"అడగదు, తప్పనీ చెప్పదు. ఆ లైను వదిలేసి కింద లైనుకి పోతుంది. ఫొటోలు వాటి అసలు సైజులోనే వచ్చాయి. రాజ్యలక్ష్మి గారు స్క్రీనంతా ఉన్నారు. మంత్రిగారు రేషన్ కార్డు మీద ఫొటో అంత."

"పిక్సెళ్లలో రాసెయ్."

"మూర తీసేస్తే నన్నూ తీసేస్తారు!"

"తియ్యమన్నానా? మూర ఉండనీ. దాని కింద పిక్సెల్ రాయి. పైది మంత్రిగారు చదువుకుంటారు, కిందది బ్రౌజర్ చదువుకుంటుంది."

మర్నాడు మంత్రిగారు తెరనిండా వెలిశారు. రాజ్యలక్ష్మి గారు మూలన బొట్టుబిళ్లంత. "చూశారా, మన మూర సత్తా!" అంటూ ఆయన కళ్లు తుడుచుకుని, స్టేజీ మీదే మహెక్‌ను పర్మనెంట్ చేశారు. అదీ మామూలు డిజైనర్‌గా కాదు. ఆమె ప్రతిభకు తగ్గట్టు కొత్త పోస్టు సృష్టించారు: మూర పరిరక్షణాధికారి. నేను బజారంతా లడ్డూలు పంచాను.

సోమవారం ఆర్డరు పట్టుకుని ఇద్దరం ఆఫీసుకు వెళ్లాం. ఆమె పేరు సర్వీసు రిజిస్టరులో ఎక్కించాల్సిన జీవరత్నం గారు పోస్టుల జాబితా మీద పైనుంచి కిందదాకా వేలు నడిపించారు.

"ఈ పోస్టు ఇందులో లేదమ్మా."

"పోనీ, పాత టెంపరరీ పోస్టులో ఉంచండి," అన్నాను.

"అది శనివారమే రద్దయిందండీ. పర్మనెంట్ అయ్యారుగా!"

ఆయన కోప్పడలేదు, ఆర్డరు తప్పనీ అనలేదు. ఆర్డరు మర్యాదగా మహెక్ చేతికిచ్చి, మా వెనక లైన్లో ఉన్నాయనతో అన్నారు:

"మీరు రండి."