ప్లాస్టరింగ్ లేని హోటలు

మా ఆయన శివరాంకు బలహీనతలు రెండే. ఒకటి తగ్గింపు, రెండోది ఇంకా తగ్గింపు. బాన్సువాడలో సిమెంటు, ఇనుము అమ్ముతాడు. తన దుకాణంలో పైసా తగ్గించడు గాని, పక్క దుకాణంలో తగ్గిస్తే అవసరం లేని బకెట్లు కూడా మోసుకొస్తాడు. మా ఇంట్లో ఇప్పటికి మనుషులకన్నా బకెట్లే ఎక్కువ.

ఒక సాయంత్రం ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. ముఖం పెళ్ళిచూపుల నాటిలా వెలుగుతోంది.

"బొంబాయి పోదామా?"

మాకు బొంబాయి కొత్త కాదు. ఆయన చెల్లెలు భాగ్య అక్కడే ఉంటుంది. ఒకటే గది. మొగుడు బాలయ్య, పిల్లలు, ఆఫీసులకు రొట్టెల డబ్బాలు కట్టి పంపే పని, అన్నీ ఆ గదిలోనే. మేం వెళ్తే మేమూ అందులోనే. పెళ్ళైనప్పటి నుంచి నేను చూసిన బొంబాయి అంతా ఒక పెనం, దాని మీద పొంగే రొట్టె. ఆ ఊళ్ళో సముద్రం కూడా ఉందని విన్నాను.

"రొట్టెల పీట నేను తెచ్చుకోవాల్నా, భాగ్య దగ్గర ఇంకోటి ఉన్నదా?" అన్నాను.

"భాగ్య ఇంటికి గాదు. హోటల్ల దిగుదాం. బొటిక్ హోటల్!"

మా బజార్లో బొటిక్ అంటే జాకెట్లు కుట్టే చోటు. "కొలతలు తీస్కొని గది ఇస్తరా?"

"నీకన్నీ ఎక్కిరింతలే. ఇటు చూడు. సముద్రం ముంగట. అరవై శాతం తగ్గింపు!"

చూశాను. కిటికీ, కిటికీ నిండా నీళ్ళు, దాని ముందు చిన్న బల్ల, బల్ల మీద పొగలు కక్కే టీ కప్పు. నా చూపు ఆ కప్పు దగ్గరే ఆగిపోయింది. నేను కాచని టీ. తాగాక నేను కడగక్కర్లేని కప్పు. ఈ జన్మకు ఆ కుర్చీలో ఒక్కసారి కూర్చుంటే చాలనిపించింది.

"పోదాం," అన్నాను. ఇంత తొందరగా ఒప్పుకున్నందుకు ఆయనకు అనుమానం వచ్చింది గాని, అరవై శాతం ముందు అనుమానం నిలవలేదు.

చిక్కల్లా భాగ్యతోనే. తోడబుట్టిన చెల్లెలు ఉన్న ఊళ్ళో అన్న హోటల్లో దిగడమంటే మా వైపు చిన్న విషయం కాదు. నీ ఇంటి అన్నం నాకొద్దని ఆమె గుమ్మంలో నిలబడి చెప్పినట్టే. పైగా అప్పుడే రాఖీ పున్నమ వెళ్ళింది. డబ్బాల పని వదిలి రాలేక భాగ్య పోస్టులో పంపిన రాఖీ ఇంకా ఆయన మణికట్టు మీదే ఉంది. కానుక ఏమివ్వాలో ఆయన ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

"భాగ్యకు తెల్వద్దు. అవ్వకు అసలే తెల్వద్దు. అవ్వకు చెప్తే భాగ్యకు చెప్పినట్టే," అన్నాడు. అవ్వ అంటే వాళ్ళమ్మ, మా అత్త.

"మరి ఏడికి పోతున్నమని చెప్తరు?"

"షిర్డీ!" అన్నాడు, ఎప్పుడో సిద్ధం చేసిపెట్టుకున్నట్టు.

షిర్డీ అనగానే మా అత్త గంగాబాయి లోపలికి పోయి మంచి కొబ్బరికాయ తెచ్చి నా చేతిలో పెట్టింది. "నా పేరు మీద కొట్టుండ్రి బిడ్డా. ఒక చిప్ప వాపస్ తేండ్రి." నిజామాబాద్‌లో రైలెక్కింది మొదలు ఆ కొబ్బరికాయ నా ఒళ్ళో కూర్చుని మూడు కళ్ళతో నన్నే చూసింది.

హోటలు నాకు గుమ్మంలోనే నచ్చింది. గోడల మీద ఇటుకలు ఇటుకల్లాగే కనిపిస్తున్నాయి. పైకప్పు కింద పైపులు, పొడుగు వైర్లకు వేలాడే బల్బులు. మా ఆయన మాత్రం తలెత్తి చూసి అక్కడే ఆగిపోయాడు. జేబులోంచి కొలతల టేపు తీశాడు. పెళ్ళికి పోయినా ఆ టేపు ఆయన జేబులోనే ఉంటుంది.

"మోసపోయినం," అన్నాడు గొంతు తగ్గించి. "ఇల్లు కట్టుడే పూర్తి కాలేదు. ప్లాస్టరింగ్ లేదు, సున్నం లేదు. మేస్త్రి లొల్లి వెట్టుకొని సగంల ఇడిచిపెట్టి పోయినట్టుండు. నలభై శాతమే కట్టిండ్రు, అందుకే అరవై తగ్గించిండ్రు!"

"అది ఫ్యాషన్. కావాలనే గట్ల ఉంచుతరు."

"కావాలని ఎవడన్న ప్లాస్టరింగ్ ఎగ్గొడ్తడా? ఇగ నేను సిమెంట్ ఎవనికి అమ్మాలె?"

గదిలో సంగతి ఇంకా ముదిరింది. మంచం పైన గోడకు ఒక వెదురు చాట తగిలించి, దాని మీద ప్రత్యేకంగా దీపం వేశారు. అత్త బీడీలు చుట్టినన్నాళ్ళూ ఒళ్ళో పెట్టుకున్న చాట అచ్చం ఇలాంటిదే.

"గిది మా అవ్వ చాటనే!" అన్నాడు. "మనం అటక మీద పారేసినం. వీళ్ళు గోడకేసి కిరాయి వసూల్ చేస్తుండ్రు!"

స్నానాలగదికి గోడ బదులు గాజు ఉంది. ఆయన గాజును చూశాడు, నన్ను చూశాడు, ఎర్రబడ్డాడు, దుప్పటి కట్టడానికి మేకు వెతికాడు. బకెట్టు కూడా లేదని తెలిశాక, ఇంట్లో అన్ని బకెట్లున్న మనిషి ఇక తట్టుకోలేక కిందికి దిగిపోయాడు.

నేను కిటికీ తెర తీశాను. సముద్రం నిజంగానే ఉంది. బల్లా ఉంది. టీ చెప్పి, కుర్చీలో కూర్చోబోయానో లేదో, ఆయన రెండేసి మెట్లెక్కి వచ్చాడు.

"వాపస్ ఇస్తరట! మొత్తం! వేరేటోళ్ళు ఎవరో గది కోసం చూస్తుండ్రట. మనం జల్ది ఖాళీ చేస్తే చాలట. నడువు, భాగ్య ఇంటికి పోదాం. షిర్డీ నుంచి ఇటే వచ్చినమని చెప్దాం."

పైసలు వెనక్కి, బస ఉచితం. అంటే నూరు శాతం తగ్గింపు. ఆయన కళ్ళలో నీళ్ళొక్కటే తక్కువ. నా కళ్ళ ముందు మాత్రం సముద్రం పోయి పెనం వచ్చింది.

"సరే," అన్నాను. "జెర మొఖం కడుక్కొని వస్త. మీరు కింద కాయితాలు చూస్కోండ్రి."

ఆయన దిగగానే భాగ్యకు ఫోను చేశాను. నేను అబద్ధమాడలేదు. జరగబోయేది కొంచెం ముందుగా చెప్పానంతే.

"భాగ్యా, మీ అన్న నీకు రాఖీ కానుక తెచ్చిండు. సముద్రం ముంగట హోటల్ల గది. నువ్వూ నేనూ ఉండాలె. మనం ఉన్నన్ని దినాలు నీ రొట్టెల పని ఆయన చూస్కుంటడు."

అవతల రొట్టెల కర్ర కింద పెట్టిన చప్పుడు.

"మా అన్ననేనా, వదినె?"

"మీ అన్ననే."

"ఒంట్ల మంచిగున్నదా అన్నకు?"

మంచిగనే ఉన్నదని, హోటలు పేరు చెప్పి, వెంటనే ఆటో ఎక్కి రమ్మన్నాను.

నేను కిందికి వెళ్ళేసరికి ఆయన ఇంకా సంతకం పెట్టలేదు. సంతకానికి ముందు కౌంటర్‌లోని అమ్మాయికి ఇసుకలో సిమెంటు ఎంత కలపాలో హిందీలో వివరిస్తున్నాడు. ఆ పాఠం సిమెంటు నుంచి సున్నం దాకా వచ్చేసరికి ఆటో దిగింది భాగ్య. చేతులకు పిండి కూడా సరిగా వదల్లేదు.

చెల్లెల్ని చూడగానే మా ఆయన పెద్ద పూలకుండీ వెనక్కి దూకాడు. మనిషి దాక్కున్నాడు గాని, టేపు కొస మాత్రం బయటే ఉండిపోయింది. భాగ్య ఆ టేపు పట్టుకునే వెళ్ళింది.

"అన్నా! చెట్టు ఎనుక ఏం జేస్తున్నవ్?"

"షిర్డీ... అంటే, నేను..."

భాగ్య అప్పటికే ఆయన భుజం మీద తల పెట్టి ఏడుస్తోంది. "గీ ఊర్ల ఇన్నేండ్ల సంది ఉంటున్న. బస్సుల పోయేటప్పుడు గీ కిటికీలు చూస్త. లోపట ఎవరుంటరో అనుకుంట. నాకు జెర సెలవు గావాలని నీకెట్ల తోచింది అన్నా?"

ఆయన నా వంక చూశాడు. నేను పైకప్పు పైపుల వంక చూశాను.

"గట్లనే... తోచింది," అన్నాడు.

కౌంటర్‌లోని అమ్మాయి కాయితం ముందుకు జరిపి హిందీలో అడిగింది. "రద్దు చేయమంటారా సార్?"

"ఏంది అన్నా రద్దు?" అంది భాగ్య కళ్ళు తుడుచుకుంటూ.

"ఏం లేదు, ఏం లేదు! గోడ మంచిగున్నదని చెప్తున్న." అరచేత్తో ఇటుకల మీద రెండు దెబ్బలు వేశాడు. "గట్టి గోడ."

"గది ఇద్దరికేనట గదా. మరి నువ్వేడ పంటవ్?"

"మీ ఇంట్ల," అన్నాను నేను. "రొట్టెలు ఎట్ల చెయ్యాల్నో బాలయ్యన్న నేర్పిస్తడు."

కిటికీ ముందు ఇంకో కుర్చీ వేయించుకున్నాం. టీ వచ్చేది, తాగేవాళ్ళం, ఖాళీ కప్పులు ఎవరో తీసుకుపోయేవాళ్ళు. మొదటి పొద్దున భాగ్య అలవాటు కొద్దీ ఉలిక్కిపడి లేచి, పిండి డబ్బా కోసం మంచం కింద చెయ్యి పెట్టింది. ఎక్కడుందో గుర్తొచ్చి, మళ్ళీ పడుకుని, దిండులో ముఖం పెట్టి నవ్వింది.

మధ్యమధ్య మా ఆయన ఫోన్లు.

"రొట్టె పొంగుతలేదు."

"పిండి నాననియ్యాలె."

"డబ్బాలు తారుమారైనయ్. ఉపవాసం ఉన్నాయనకు కోడికూర పోయింది."

"తిన్నడా?"

"తిన్నడు. రేపు గూడ గదే పంపుమంటుండు. ఇంకొకాయన మాత్రం రొట్టెలకు మూలలెందుకున్నయని అడుగుతుండు."

టేపు పెట్టి కొలిచి చేస్తే ఉండవా మరి.

చివరి రోజు మమ్మల్ని తీసుకుపోవడానికి వచ్చాడు. కనుబొమ్మల మీద పిండి, బొటనవేలికి బొబ్బ. నా కుర్చీలో కూలబడ్డాడు. టీ వచ్చింది. సముద్రాన్ని చూస్తూ సగం కప్పు తాగి, నెమ్మదిగా అన్నాడు.

"వచ్చినప్పుడల్లా నువ్వు గా పొయ్యి ముంగటనే కూసున్నవ్ గదా."

"కూసున్న."

మిగిలిన సగం కప్పూ తాగేశాడు. "ఇంకో కప్పు అడగొచ్చా?" అన్నాడు. తెప్పించాను.

ఇంటికొచ్చి కొబ్బరికాయ అత్త చేతిలో పెట్టాను. ఆమె దాన్ని చెవి దగ్గర పెట్టి ఊపింది.

"షిర్డీల కొట్టనీకి రాయి దొరకలేదారా?" అంది కొడుకును. భాగ్య ఫోను మా రైలుకన్నా ముందే వచ్చిందన్నమాట. "నా చాట అసుంటిదాన్ని గోడకేసి దీపం పెట్టిండ్రట గదా. నేను గూడ జూస్త. మేం ముగ్గురం ఆడోళ్ళం ఒక్క మంచంల సర్దుకుంటం."

మా ఆయన ఫోను తీశాడు. కొంతసేపటికి ముఖం వెలిగింది. "డెబ్బై శాతం ఉన్నది!" అన్నాడు. అంతలోనే ఏదో గుర్తొచ్చి బొటనవేలి బొబ్బ చూసుకున్నాడు.

"మరి... భాగ్య ఇంట్ల రొట్టెలు?"

"ఈసారి టేపు ఇంట్ల పెట్టి పోండ్రి," అన్నాను. "గుండ్రంగ వస్తయ్."