ఇక్కడ ఉమ్మరాదు

సోమవారం పొద్దున డెల్బర్ట్ స్ట్రౌడ్ పెట్టుకున్న కార్యక్రమం చిన్నది. కాఫీ తాగాలి, డీకన్ అనే గోధుమరంగు గుర్రం ఎక్కాలి, పొగాకు ముట్టకూడదు. ముప్పై ఏళ్లుగా అతని బుగ్గలో కాపురమున్న పొగాకు ముద్ద ఆదివారంతో ఖాళీ చేసింది. పళ్ల డాక్టరు చిగురు మీద తెల్లమచ్చ చూపించాడు. భార్య వాండా డబ్బాలన్నీ చెత్తలో పారేసి, బైబిల్ మీద ఒట్టు వేయించింది.

డీకన్ మెల్లదౌడులో ఎడమకు తిరిగితే ఎడమ ముందుకాలు ముందు పడాలి, కుడికి తిరిగితే కుడిది. మైదానం నడుమ, దౌడు ఆపకుండా, ఒక్క అంగలో కాలు మార్చాలి. ఇది నేర్పడానికి డెల్బర్ట్‌కు రెండేళ్లు పట్టింది. ఆరో తరగతితో ఆపేసిన డెల్బర్ట్‌కు బళ్లో ఎవరూ అంత ఓపికగా ఏదీ నేర్పలేదు.

ఆ రోజు కాలు మార్చమని డొక్కకు మడమ తగిలించాడు. డీకన్ కాలు మార్చలేదు. మళ్లీ తగిలించాడు. డీకన్ చెవులు వెనక్కి పెట్టి ఏదో వినబడాలన్నట్టు ఎదురుచూసి, తప్పుకాలితోనే పోయాడు.

సరిగ్గా అప్పుడే వచ్చి అది చూసింది గుర్రం యజమానురాలు కార్లిస్ హాల్డేన్. దాణా వ్యాపారి భార్య, చర్చి మహిళా సంఘం అధ్యక్షురాలు. గుర్రపుస్వారీ పోటీల మైదానంలో "ఇక్కడ ఉమ్మరాదు" అని బోర్డు కొట్టించింది ఆవిడే. డెల్బర్ట్ కొట్టంలో ఉన్నవి ఆరు గుర్రాలు, ఆరూ ఆవిడవే.

"శనివారం పోటీలో నేనే ఎక్కుతున్నా. వీడు కాలు మార్చకపోతే ఆరింటినీ కెంట్ దగ్గరికి తోలించేస్తా," అంది. కెంట్ అంటే ఊళ్లో కొత్త శిక్షకుడు. చొక్కా నలగదు, గుర్రం ఎక్కడం కన్నా వీడియోలు తీయడం ఎక్కువ.

మంగళవారం పశువుల డాక్టరు వచ్చి వెనక కీలు నొప్పన్నాడు, సూది పొడిచాడు. బుధవారం నాడాలు కొట్టేవాడు వచ్చాడు. "సూదెవడు పొడిచాడయ్యా? తప్పంతా నాడాది," అని నాలుగూ పీకి కొత్తవి కొట్టాడు. గురువారం గుర్రాల మనసు చదివే ఓర్లా వచ్చి డీకన్ నుదుటి మీద చెయ్యిపెట్టి కళ్లు మూసుకుంది.

"దుఃఖంలో ఉన్నాడు. రోజూ పలకరించేది ఏదో దూరమైంది."

"నాకూ అలాగే ఉంది," అన్నాడు డెల్బర్ట్.

శుక్రవారం నోరు ఊరుకోక పొద్దుతిరుగుడు గింజలు నముల్తూ గుర్రమెక్కాడు. మైదానం నడుమకు రాగానే కుడిపక్కకు ఒంగి పొట్టు తుపుక్కున ఉమ్మాడు. డీకన్ వెన్నలా కాలు మార్చాడు. ఎడమకు ఉమ్మితే ఎడమకు మార్చాడు. రెండేళ్లుగా మడమ తగిలించేముందు ప్రతిసారీ తిరిగే పక్కకు నోరు ఖాళీ చేసుకోవడం డెల్బర్ట్ అలవాటు. గుర్రం నేర్చుకున్నది ఆ ఉమ్మునే, మడమను కాదు. మళ్లీ మొదటినుంచి నేర్పాలంటే ఇంకో రెండేళ్లు. పోటీ రేపు.

శనివారం పోటీల మైదానం గేటు దగ్గర టోపీ చేతిలో పట్టుకుని కార్లిస్ ముందు నిలబడ్డాడు.

"మేడమ్, నడుమకు రాగానే తిరిగే పక్కకు ఉమ్మాలండీ."

"ఏమిటీ?"

"గట్టిగా వినబడాలి. ఊరికే పెదాలు కదిపితే నమ్మడు."

"పొద్దున్నే తాగొచ్చావా డెల్బర్ట్?"

"మానేసి వచ్చానండీ. అదే చిక్కయింది."

ఆవిడ వినలేదు. పోటీకి ముందు సాధనలో మూడుసార్లు మడమ తగిలించింది. మూడుసార్లూ తప్పుకాలే. కంచె మీద మోచేతులు ఆనించి కెంట్ జాలిగా నవ్వాడు. "పోనీలెండి మేడమ్, గుర్రం తప్పు కాదు. నేర్పినవాణ్ణి బట్టే కదా."

ఆవిడ అన్నీ సహించేది గానీ జాలి సహించేది కాదు. బరిలోకి దిగింది. నడుమకు వచ్చింది. సరిగ్గా తన బోర్డుకు ఎదురుగా, కుడిపక్కకు ఒంగి ఉమ్మింది. డీకన్ ఎగిరి కాలు మార్చాడు. మెట్ల మీద కూర్చున్న మహిళా సంఘం మొత్తం ఒకేసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రెండోసారీ, మూడోసారీ అంతే. నాలుగోసారికి ఆవిడ నోరు ఎండిపోయింది. కంచె దగ్గర డెల్బర్ట్ పక్కనున్న వాండా ఐస్ టీ గ్లాసులోంచి నిమ్మచెక్క లాగి, ఆవిడకు కనబడేలా కొరికి పీల్చాడు. ఆవిడ నోట్లో నీళ్లూరాయి. నాలుగోదీ పడింది. మొదటి బహుమతి.

ఆ సాయంత్రమే డెల్బర్ట్ వాండాతో, "ఆరూ మనవే. ఇంకో ఆరు వస్తాయి చూడు," అన్నాడు.

సోమవారం పొద్దున ఆరు గుర్రాలు పట్టే ట్రక్కు వచ్చి ఆగింది, కార్లిస్ దిగింది.

"మేడమ్, గెలిచాం కదండీ!"

"గెలిచాం. ఆ పనేదో నాకే వచ్చినప్పుడు మధ్యలో నువ్వెందుకు? డీకన్‌ని మా ఇంటి దగ్గరే కట్టేసుకుంటా."

"మిగతా ఐదూ?"

"వాటికీ నేనే నేర్పుతా," అని పక్కకు ఒంగి శుభ్రంగా ఉమ్మింది. ట్రక్కులో ఎక్కుతున్న డీకన్ ఠక్కున కాలు మార్చాడు.

తరవాతి వారానికి మైదానంలో బోర్డు కింద ఇంకా ఆరని రంగుతో ఇంకో వరుస కనబడింది: "మహిళా సంఘం సభ్యులకు మినహాయింపు."