ఊరగాయ జాడీ మీద పుర్రె

ఆ ఉదయం మద్దమ్మ అనుకున్నది ఒక్కటే: ఊరగాయ దొంగను భయపెట్టాలి. రాయచోటి నుంచి అక్క పంపిన చింతకాయ ఊరగాయ అది. ఊరికి పోయేదాకా రావాల్సింది, అప్పుడే సగమైంది. అరబ్బు దేశంలో, మిష్రిఫ్‌లో ఆమె పనిచేసే ఆ పెద్ద ఇంట్లో అంత కారం తినేది తనూ, డ్రైవర్ అల్లాబకషూ. పనివాళ్లు మామా, అంటే అమ్మా, అని పిలిచే యజమానురాలికి రక్తపోటు. డాక్టర్ ఉప్పు మానమన్నప్పటి నుంచి చప్పిడి సూపు తాగుతూ అందరినీ కసురుకుంటోంది.

పైపుల్లో అడ్డం పడితే పోసే మందు ఒక తెల్ల సీసాలో ఉంది. దాని చీటీ మీద పుర్రె, ఎముకలు. మద్దమ్మ ఆ చీటీని వేడినీళ్లతో ఊడదీసి ఊరగాయ జాడీకి అంటించింది. బోసి సీసా సింకు పక్కనే ఉండిపోయింది.

"ఏం బకషూ, ఇంగ తిను సూస్తా!"

"నేనెప్పుడు తింటినక్కా? నీ ఊరగాయ మీద ఒట్టు!"

"ఒట్టు పెట్టుకునేకి గూడా నా ఊరగాయే దొరికిందా!"

ఆమె మేడమీద బట్టలు ఆరేస్తుండగా వంటింట్లోంచి కేక వినిపించింది. ఆమె, అల్లాబకష్ ఇద్దరూ పరుగెత్తారు. మామా నేల మీద కూలబడి ఉంది. ఒక చేతిలో రొట్టె, ఒళ్లో జాడీ, మూతి చుట్టూ ఎర్రటి నూనె. తిన్నాక జాడీ తిప్పి చూసిందన్నమాట.

"విషం పెట్టింది! పోలీసులను పిలవండి!" అంది అరబ్బీలో.

మద్దమ్మ అడ్డంగా చేతులూపింది. పోలీసులొస్తే పని, ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు రెండూ పోతాయి. "అది ఊరగాయ మామా! బొమ్మ నేనే అంటించినా!"

"నన్ను చంపడానికా?"

"మిమ్మల్ని గాదు మామా, నన్ను!" అని అల్లాబకష్ అడ్డుపడ్డాడు.

మామా ఇంకా గట్టిగా ఏడ్చింది. మద్దమ్మ గుప్పెడు ఊరగాయ నోట్లో కుక్కుకుని చూపింది. మామా నమ్మలేదు. గొంతు మంటకు మజ్జిగ సీసా అనుకుని సింకు పక్కనున్న తెల్ల సీసా అందుకుంది. మూత తిప్పుతుండగా మద్దమ్మ ఎగిరి లాక్కుంది.

"ఇది తాగితే ఖలాస్ మామా! ఈ పుర్రె దీందే!"

మామా బోసి సీసాను, పుర్రె జాడీని మార్చి మార్చి చూసింది. ఏడుపు ఆగింది.

"అయితే ఊరగాయ దొంగ..." అని అల్లాబకష్ మొదలుపెట్టాడు.

"యల్లా, కారు కడుగు!" అంది మామా మూతి తుడుచుకుంటూ. "పోలీసులూ వద్దు, డాక్టర్‌కు చెప్పడమూ వద్దు."

సాయంత్రానికి చీటీ దాని సీసాకు చేరింది. ఊరగాయ జాడీని మాత్రం మామా తన బీరువాలో పెట్టి తాళం వేసుకుంది, డ్రైవర్ తినేస్తాడని.