ఇద్దరు కోచ్‌లూ మెచ్చిన రిఫరీ

అమ్మాయిల బాస్కెట్‌బాల్ రాష్ట్ర ఫైనల్‌కి ముందు మా ఆఫీసు చేయవలసిన పనులు ఇవి. కప్పు తుడిపించాలి. కోర్టు గీతలకు రంగు వేయించాలి. జాతీయ గీతం పాడే అమ్మాయికి జలుబు తగ్గిందో లేదో కనుక్కోవాలి. గేట్ల దగ్గర మంచు ఎత్తించి ఉప్పు చల్లించాలి. చిల్లీ అనే మాంసం కూరలో నంజుకునే దాల్చినచెక్క రోల్స్ సరిపడా చేయిస్తున్నారో లేదో చూడాలి. ఒక ఏడు అవి చాలకపోతే ఆ మాట ఎన్నికలదాకా వెళ్ళింది. చివరగా, ముగ్గురు రిఫరీలను ఎంపిక చేయాలి.

చివరిది తప్ప మిగతావన్నీ జిమ్ ఊడ్చే ఆయనా వంటావిడా కలిసి మధ్యాహ్న భోజనానికి ముందే ముగించారు. చివరి పనికి మాత్రం సంస్కరణ అవసరమైంది.

రాష్ట్ర హైస్కూల్ క్రీడల సంఘం కమిషనర్ డాక్టర్ రాయిస్ హావర్‌క్యాంప్ గారు ఆ సంస్కరణను విలేకరుల ముందు ప్రకటించారు. విలేకరులు ఇద్దరు వచ్చారు.

"ఈ ఏడు ఫైనల్‌కి రిఫరీలను మనుషులు ఎంపిక చేయరు. విలువలు ఎంపిక చేస్తాయి," అన్నారు.

"అవి ఏ ఊరివండీ?" అని అడిగాడు ఒక విలేకరి. మా పత్రికల్లో ఎవరి పేరు రాసినా పక్కన ఊరి పేరు రాయాలి.

నేను డాక్టర్ గారి సహాయకుణ్ణి. ఆయనది వైద్యం కాదు, పీహెచ్‌డీ. మా ఇంట్లో కాలేజీ చదివిన మొదటివాణ్ణి నేనే. ఉద్యోగంలో చేరేరోజు మాంసం ఫ్యాక్టరీలో పనిచేసే మా అమ్మ, "ఓరిన్, పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో తెలివి చూపించకు," అని చెప్పి పంపింది. అందువల్ల డాక్టర్ గారి గొప్పతనాన్ని దగ్గర నుంచి చూసే భాగ్యం నాకు కలిగింది.

వెనకటి కమిషనర్ పద్ధతి వేరు. ఆయన ఎదురుగా ఉన్న హోటల్లో 'ఆపిల్ పై' అనే తీపి వంటకం తింటూ, "ఈ చలికాలం విజిల్ ఎవరు బాగా ఊదుతున్నారు?" అని పక్క బల్లలవాళ్ళను అడిగేవాడు. ఎక్కువమంది ఎవరి పేరు చెబితే వాళ్ళకు ఫోన్ చేసేవాడు. అది ఎంత అశాస్త్రీయమో డాక్టర్ గారు నాకు వివరించారు. ఫైనల్స్ బాగా జరిగేవన్న సంగతి ఆయన కాదనలేదు. బాగా జరగడానికి తగిన ప్రాతిపదిక లేదన్నారు.

ఆ హోటల్లో ఈసారి ఎవరిని అడిగినా మార్లిస్ టీగెన్ పేరే చెప్పేవారు. ఆమె పగలు ఉత్తరాలు పంచుతుంది, సాయంత్రాలు హైస్కూల్ ఆటల్లో విజిల్ ఊదుతుంది. ఎన్ని చలికాలాలు ఊదినా ఫైనల్ మాత్రం ఆమెకు దక్కలేదు. ఏప్రిల్‌లో రెండు మోకాళ్ళూ మార్పించుకోవాలి. తర్వాత పరుగు అనేది మరిచిపొమ్మని ఎముకల వైద్యుడు చెప్పేశాడు.

నిబంధనల పరీక్ష రాయడానికి ఆమె ఆఫీసుకి వచ్చినప్పుడు మెట్ల దగ్గర ఆగి ఊపిరి తీసుకుంది.

"ఒక్కటి చాలు ఓరిన్. ఒక్క ఫైనల్. ఆ తర్వాత ఈ మోకాళ్ళు పట్టుకెళ్ళి ఎక్కడ పారేసుకుంటారో పారేసుకోమను."

"మీకు కాకపోతే ఇంకెవరికిస్తారండీ," అన్నాను. నాకు విలువల గురించి అప్పటికి పూర్తిగా తెలియదు.

మొదటి విలువ నిష్పాక్షికత. ఫైనల్ ఆడే రెండు ఊళ్ళతోనూ రిఫరీకి ఎలాంటి సంబంధమూ ఉండకూడదు. అంతా పారదర్శకంగా ఉండాలని డాక్టర్ గారు రెండు జట్ల కోచ్‌లనూ సమావేశానికి పిలిపించారు. వెసెల్ ఊరి కోచ్ వెర్న్ స్టకీ, హార్లన్ క్రీక్ కోచ్ డెబ్ ఆస్ట్రాండర్ బల్లకు చెరోవైపూ కూర్చున్నారు. నేను ఒక్కొక్క పేరే చదివాను.

"ఆ పళ్ళ డాక్టరు వద్దు," అన్నాడు స్టకీ. "మా జట్టులో సెంటర్ స్థానంలో ఆడే పిల్లకి పన్ను పీకాడు."

"అయితే జాలిపడి మీవైపే మొగ్గుతాడు. నేనే వద్దనాలి," అంది డెబ్.

"పీకవలసింది వదిలేసి పక్కది పీకాడమ్మా."

"అలాగైతే ఇంకా ఎక్కువ మొగ్గుతాడు."

"ఎటు చూసినా పక్షపాతమే," అని డాక్టర్ గారు ఆ పేరు కొట్టేశారు.

తర్వాతి పేరు విత్తనాల కొట్టు యజమానిది.

"మా చర్చిలో పాడతాడు," అంది డెబ్.

"బాగా పాడతాడా?" అని అడిగారు డాక్టర్ గారు.

"ఎక్కడండీ. మా ఆయనే బృందంలోంచి తీసేశాడు."

"పగ ఉంటుంది," అని ఆ పేరూ కొట్టేశారు.

మా రాష్ట్రంలో ఏ ఇద్దరు కలిసినా కాఫీ చల్లారేలోపు ఉమ్మడి మేనత్త ఒకావిడ బయటపడుతుంది. సమావేశం ముగిసేసరికి పెద్దగా పేర్లు మిగల్లేదు. మిగిలినవాళ్ళలో మార్లిస్ ఉంది. ఆ రెండు ఊళ్ళలో ఆమెకు చుట్టాలు లేరు. ఆమె ఎవరి పన్నూ పీకలేదు, ఎక్కడా పాడలేదు.

రెండో విలువ ప్రతిభ. మా దగ్గర ప్రతి ఆట తర్వాతా కోచ్‌లు ఇద్దరూ రిఫరీలకు అయిదుకి మార్కులు వేయాలి. వేయకపోతే వాళ్ళ జట్టును టోర్నమెంటులో ఆడనివ్వరు. గెలిచిన కోచ్ అయిదు వేస్తాడు, ఓడిన కోచ్ ఒకటి వేస్తాడు. అందువల్ల రాష్ట్రంలోని రిఫరీల్లో దాదాపు అందరికీ సగటున మూడు వచ్చింది. ఇంత సమానత్వం మరే వృత్తిలోనూ లేదని డాక్టర్ గారు సంతోషించారు. కానీ సమానత్వంలోంచి ముగ్గుర్ని తీయడం కష్టం కాబట్టి ఒక సూత్రం కనిపెట్టారు. ఇద్దరు కోచ్‌లూ ఒకే మార్కు వేసిన ఆటలను మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి.

"ఏకాభిప్రాయమే సత్యం ఓరిన్," అన్నారు. నేను రాసుకున్నాను.

ఏకాభిప్రాయం వచ్చిన ఆటల్లో ఒకటి వెసెల్‌కీ హార్లన్ క్రీక్‌కీ జనవరిలో జరిగింది. రిఫరీ మార్లిస్. ఇద్దరు కోచ్‌లూ ఆమెకు అయిదుకి ఒక్క మార్కే వేశారు. కారణం రాసుకోవాలి కాబట్టి కోచ్‌లను నేనే అడిగాను.

"గీత దాటొచ్చి అరిచానని నాకు టెక్నికల్ ఫౌల్ ఇచ్చింది," అంది డెబ్.

"అరిచారా?"

"అరిచాను. వెర్న్ నాకన్నా గట్టిగా అరిచాడు."

"అది నిజమే," అన్నాడు స్టకీ. "నాకూ ఇచ్చింది."

"మరి ఆమె తప్పేముంది?"

"తప్పేం లేదబ్బాయ్. రాష్ట్రంలో అంత న్యాయంగా ఊదే మనిషి లేదు. కానీ మనవైపు మొగ్గనప్పుడు మనిషికి మార్కులు వేయాలని ఎలా అనిపిస్తుంది చెప్పు?"

డెబ్ తల ఊపింది. ఆ ఇద్దరూ ఒక విషయంలో ఏకీభవించడం నేను అదే మొదటిసారి చూడటం.

ఇక ఇద్దరు కోచ్‌లూ అయిదేసి వేసిన రిఫరీల జట్టు రాష్ట్రమంతా వెతికితే ఒక్కటే దొరికింది. పడమటి జిల్లాలో ధాన్యం గిడ్డంగి నడిపే గేలెన్ ప్రూయిట్, అతని తమ్ముడు, వాళ్ళ బావమరిది. ముగ్గురూ కలిసే ఊదుతారు. ఏ ఆట చూసినా అయిదు, అయిదు. డాక్టర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. శుభవార్త చెప్పడానికి నేను ఫోన్ చేశాను.

"ఫైనల్‌కా? మమ్మల్నా?" అన్నాడు గేలెన్. "ఎవరనుకుని చేశావ్ బాబూ? ఈ చలికాలం మేం కోర్టు మొహమే చూడలేదు. బయల్దేరినప్పుడల్లా మంచు తుఫాను వచ్చి ఆట రద్దయింది. ఆఖరికి మా ఆవిడ బట్టలు ఇస్త్రీ చేయడం కూడా మానేసింది."

జరగని ఆటకు కూడా కోచ్‌లు మార్కులు వేశారన్నమాట. వేయకపోతే టోర్నమెంటు పోతుంది కదా. జరగని ఆటలో ఎవరు మాత్రం ఏం తప్పు పడతారు.

ఈ సంగతి డాక్టర్ గారికి చెప్పాను.

"వాళ్ళ మీద ఫిర్యాదు ఏదైనా వచ్చిందా?" అని అడిగారు.

"ఆటే జరగలేదండీ."

"నేనడిగింది ఫిర్యాదు గురించి."

"రాలేదండీ."

"ఒక్క ఫిర్యాదు లేకుండా చలికాలమంతా గడిపిన రిఫరీలు ఇంకెవరైనా ఉన్నారా?"

లేరు. మంచు వాళ్ళ మీద మాత్రమే అంత క్రమం తప్పకుండా కురిసింది.

అలా ఆ ముగ్గురూ ఖాయమయ్యారు. అయితే నిబంధన ప్రకారం నాలుగో మనిషి ఒకరు ఉండాలి. కోర్టులో ఎవరైనా కూలబడితే ఆ చోట్లోకి దిగడానికి చారల చొక్కా వేసుకుని స్కోరు బల్ల దగ్గర కూర్చోవాలి. అప్పటిదాకా నోరు మెదపకూడదు. ఆ మనిషికి కోచ్‌లు మార్కులు వేయరు కాబట్టి ఏకాభిప్రాయం చెడే ప్రమాదం లేదు. ఆ పనికి డాక్టర్ గారు మార్లిస్‌ను నియమించారు. ఆమెకు నేనే చెప్పాను.

"కూర్చుని చేసే ఫైనలన్నమాట," అంది. "పోనీలే. బూట్లు పాలిష్ చేసుకుంటాను."

శనివారం మధ్యాహ్నం జిమ్ కిటకిటలాడింది. ఆట మొదలయ్యాక కాసేపటికి జనానికి ఏదో తేడాగా అనిపించింది. విజిల్ మోగటంలేదు. ప్రూయిట్ సోదరులూ బావమరిదీ కోర్టు ఈ చివరి నుంచి ఆ చివరికి మర్యాదగా పరిగెడుతున్నారు, అంతే. మా పిల్లలు మంచివాళ్ళు. మొదట్లో వాళ్ళే సర్దుకున్నారు. "సారీ, నా కాలు గీత దాటింది," అని బంతి అవతలివాళ్ళకు ఇచ్చేశారు. "చెయ్యి గీరుకుందా?" అని ఒకరినొకరు అడిగారు.

"చూశావా ఓరిన్, విలువలు పిల్లల్లోకి దిగాయి," అన్నారు డాక్టర్ గారు.

విరామంలో నేను బెంచీల వెనక ఉన్నాను. "నిజాయితీ రేపు చర్చిలో చూపించండమ్మా, ఇవాళ కాదు," అంటోంది డెబ్. ఇటు స్టకీ, "అటువాళ్ళు మానేశారట. మీరూ మానేయండి," అంటున్నాడు.

తర్వాత జరిగినదాన్ని ఆట అనడానికి బంతి ఒక్కటే ఆధారం. మోచేతులు లేచాయి. జుట్లు చేతుల్లోకి వచ్చాయి. వెసెల్ అమ్మాయి టెస్ లిండ్‌క్విస్ట్ బాస్కెట్ కింద ఎగిరినప్పుడు ఇద్దరు వచ్చి ఆమెను గుద్దారు. తల నేలకు కొట్టుకుంది. పిల్ల లేవలేదు. ఆట ఆగలేదు. ఒకమ్మాయి ఆమె మీదుగా దాటి బంతి వేసింది.

గేలెన్ పక్కనే ఉన్నాడు. విజిల్ పెదాల మధ్య ఉంది. బుగ్గలు నిండుగా ఉన్నాయి. స్టకీ వైపు చూశాడు, డెబ్ వైపు చూశాడు. ఊదలేదు. "ఊదితే ఎవరో ఒకరు నొచ్చుకుంటారు గదా," అని తర్వాత నాతో అన్నాడు.

అప్పుడు విజిల్ మోగింది.

స్కోరు బల్ల దగ్గర మార్లిస్ నిలబడి ఉంది, కుడిచెయ్యి పైకెత్తి. పిల్లలందరూ ఎక్కడివాళ్ళక్కడ బొమ్మల్లా ఆగిపోయారు. జిమ్‌లో ఉన్న వైద్యుడు పరిగెత్తుకొచ్చాడు. టెస్ కళ్ళు తెరిచి, "బంతి పడిందా?" అని అడిగింది. నుదుటి మీద కుట్లు పడ్డాయి గానీ పిల్ల దక్కింది.

మా డాక్టర్ గారు బల్ల దగ్గరికి వెళ్ళారు.

"కూర్చోవలసిన మనిషి లేచి విజిల్ ఊదడం ఏ విలువ కిందికి వస్తుంది?"

"పిల్ల పడిపోయి ఉందండీ."

"అది నేనూ చూశాను. నేనడిగింది విలువ గురించి."

మార్లిస్ విజిల్ తీసి బల్ల మీద పెట్టింది. కోటు వేసుకుని, రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి వెళ్ళిపోయింది. మిగతా ఆట ప్రశాంతంగా ముగిసింది. స్టకీ, డెబ్ ఇద్దరూ ప్రూయిట్ జట్టుకు అయిదేసి మార్కులు వేశారు.

"ఆవిణ్ణి దేవుడు చల్లగా చూడాలి," అంది డెబ్ నాతో. "కాకపోతే ఆ టైములో బంతి మా చేతిలో ఉంది."

మా పద్ధతి గురించి చెప్పమని దేశంలోని కమిషనర్లందరి మహాసభ డాక్టర్ గారిని పిలిచింది. దానికోసం పెద్ద పోస్టరు వేయించాం. ఫైనల్ ఫోటో, కింద "ఫిర్యాదు లేని ఆట, సంపూర్ణ నియంత్రణ" అన్న మాటలు. ఫోటోలో పిల్లలందరూ కదలకుండా నిలబడి ఉంటారు. మధ్యలో గేలెన్ ప్రూయిట్, నోట్లో విజిల్, నిండు బుగ్గలు. స్కోరు బల్ల ఉన్న వైపు కొంత కత్తిరించమని డాక్టర్ గారు చెప్పారు. కత్తిరించాను. ఎంత కత్తిరించినా కుడి అంచున, పైకెత్తిన చారల చొక్కా మోచెయ్యి ఒకటి మిగిలిపోయింది.

ఆ పోస్టరు మీ ఊళ్ళోకీ రావచ్చు. ఆ చెయ్యి మార్లిస్ టీగెన్‌ది. ఫైనల్ రికార్డులో నాలుగో మనిషి పేరు రాయడానికి చోటు లేదు. దయచేసి మీరైనా గుర్తుపెట్టుకోండి.