నాలుగు నిమిషాల్లో నర్సు

ఆసుపత్రుల్లో నర్సులు దండగ! కోపం తెచ్చుకోకండి, ముందు వినండి. దేవుడు మనిషికి రెండు చేతులు ఎందుకిచ్చాడు? ఒక చేత్తో పొట్ట పట్టుకుని, రెండో చేత్తో సూది పొడుచుకోమనే కదా!

నమ్మకపోతే మా వీధి కుట్టుమిషను అక్కనే చూడండి. మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంటే ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. మంచాన పడ్డ కాల్లో రక్తం గడ్డ కడుతుందనీ, ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి ఎక్కితే ప్రాణానికే మోసమనీ, ఇరవై ఎనిమిది రోజులు ఉదయం ఎనిమిదింటికి పొట్టకి ఇంజెక్షన్ తప్పకూడదనీ డాక్టరు చెప్పాడు. ఎవరు చేస్తారండీ అని అడిగిందామె. "మీరే" అన్నాడాయన, బహుమతి ఇస్తున్నట్టు.

దీన్ని స్వావలంబన అంటారు. వెనకటి జనం ఇది లేక ఎంత పరాధీనంగా బతికారో పాపం!

వార్డు నర్సమ్మ ఇచ్చిన శిక్షణ నాలుగు నిమిషాలు. బొడ్డుకి రెండంగుళాల దూరం, స్పిరిట్ దూదితో తుడుపు, చర్మం మడత, సూది నిటారుగా. నాలుగో నిమిషంలో 'శిక్షణ పూర్తయినది' అన్న కాగితం మీద సంతకం. నర్సమ్మని తప్పు పట్టకండి, బయట బల్ల మీద ఇంకా ఇరవైమంది ఉన్నారు. అయినా నాలుగు నిమిషాలంటే తక్కువా? కోడిగుడ్డు ఉడకదు గానీ, నర్సు తయారైపోతుంది!

అక్క ముప్పై ఏళ్లుగా సూదితో కాపురం చేసిన మనిషి. కానీ గుడ్డ 'అబ్బా' అనదు కదా! భర్త లారీ మెకానిక్కు. ఇంజన్ విప్పి నడివీధిలో పరిచే ధీరుడు, సిరంజి చూడగానే గోడ పట్టుకున్నాడు. "నేను చూడలేనే. వంటింట్లో ఉంటా, అయ్యాక పిలు" అన్నాడు. కొండంత అండంటే ఇదే!

మొదటిరోజు ఎనిమిదింటికి పట్టుకున్న సూది తొమ్మిదిన్నరకి దిగింది. మధ్యలో ఆసుపత్రి హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే, ఆమె కాల్ తమకెంతో ముఖ్యమని నలభై నిమిషాలు సంగీతంతో సహా చెప్పారు. ఇంత మర్యాద కన్నవాళ్లయినా చేస్తారా?

ఇక రెండంగుళాలంటే అక్కకి రెండంగుళాలే. టేపు పెట్టి కొలిచేది. గుర్తు పెట్టాక తుడిస్తే గుర్తు పోతుంది గనక, ముందు స్పిరిట్‌తో శుభ్రంగా తుడిచి, ఆ తరవాత సుద్దతో గీత గీసేది. కత్తెర పట్టినవాళ్లెవరైనా ఇంతే చేస్తారు! ఊళ్లోవాళ్ల బట్టలన్నిటి మీదా దొర్లిన ఆ సుద్ద మీదుగానే రోజూ సూది దిగింది.

ఆరోరోజుకి పొట్ట ఎర్రగా వాచింది, జ్వరం తగిలింది. ఏడోరోజు భయపడి సూది ముట్టలేదు. ముట్టకపోతే గడ్డ, ముడితే వాపు. ముందు నుయ్యి, వెనక గొయ్యి! మెకానిక్కు ఆమెని బండెక్కించి ఆసుపత్రికి పట్టుకుపోయాడు.

నర్సమ్మ పొట్ట చూసింది. జరిగింది విని నవ్వలేదు, విసుక్కోలేదు. తలుపు మూసి, స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంది.

"గుర్తెందుకక్కా? రోజూ చోటు మార్చుకోవాలి. ఉండు, నా చెయ్యి నీ చేతి మీదే ఉంటుంది. ఇక పొడుచుకో."

అక్క పొడుచుకుంది. అంతేనా అన్నట్టు నర్సమ్మ మొహంలోకి చూసింది. వాపుకి డాక్టరు వేరే మందు రాశాడు. మర్నాటి నుంచి ఎనిమిదో గంటకి సూది, ఎనిమిదీ రెండు నిమిషాలకి కుట్టుమిషను. ఇరవై ఎనిమిది రోజులూ గట్టెక్కాయి. గడ్డ కట్టలేదు, అక్క దక్కింది.

నర్సమ్మకి మెమో వచ్చింది. శిక్షణ పూర్తయినట్టు సంతకం ఉన్న రోగి మీద మళ్లీ పదకొండు నిమిషాలు వృథా చేసిందట.

మెమో న్యాయమే అంటాను నేను. ఇలా చెయ్యి పట్టుకుని నేర్పడం అలవాటు చేస్తే, రేపు రోగులంతా నయం చేయించుకోవడానికి ఆసుపత్రులకే వచ్చి పడరూ?